దెయ్యాల్లేని రేవు నగరంలో ‘బ్లేడ్స్ ఇన్ ద డార్క్’: ఏం మార్చాలి, దేని జోలికి వెళ్లకూడదు

మీరడిగినవి రెండు. ఆట అసలు నగరమైన డాస్క్‌వోల్ కాకుండా, దెయ్యాలూ మంత్రాలూ లేని ఒక రేవు నగరంలో ‘బ్లేడ్స్ ఇన్ ద డార్క్’ (బల్ల చుట్టూ కూర్చుని, నేరస్తుల ముఠాగా పాత్రలు పోషిస్తూ పాచికలతో ఆడే ఆట) నడపాలంటే ఏమేం మార్చాలి? మీ ఐదుగురు ఆటగాళ్లు ప్రతి దొంగతనానికీ గంటసేపు పథకం వేస్తూ కూర్చుంటుంటే ఎలా ఆపాలి? ఈ రెండింటికీ జవాబు ఒకేచోట ఉంది. జాన్ హార్పర్ రాసిన ఈ ఆటలో ముఠాను కదిలించేది మీరు రాసుకొచ్చిన కథ కాదు. స్ట్రెస్ (పాత్ర మీద పడే మానసిక భారం), హీట్ (ముఠా మీద పడే అధికారుల కన్ను), డబ్బు, శత్రువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పెంచే ఒత్తిడి. నగరాన్ని పూర్తిగా మార్చేయండి, ఇబ్బంది లేదు. కానీ తీసేసే ప్రతి వస్తువూ ఆ ఒత్తిడిలో ఏ పని చేస్తోందో ముందు కనుక్కోండి.

డాస్క్‌వోల్ చుట్టూ మెరుపుల గోడ ఉంటుంది. అవతల దెయ్యాలు తిరిగే చీకటి నేల. చదివేటప్పుడు అదంతా భయం పుట్టించడానికి పెట్టిన హంగులా అనిపిస్తుంది గానీ ఆటలో దాని పని వేరు: ముఠా ఊరొదిలి పారిపోలేదు. ఇవాళ గొడవపడినవాడు రేపు మళ్లీ ఎదురుపడి తీరతాడు. అలాగే అక్కడ ఎవరైనా చనిపోతే దహనశాల గంట మోగుతుంది, ఒక కాకి శవాన్ని వెతుక్కుంటూ ఎగురుతుంది, దాని వెనకే దెయ్యాల సంగతి చూసే స్పిరిట్ వార్డెన్లు వస్తారు. అంటే హత్యను దాచడం చాలా కష్టం. నియమాలు కూడా అదే చెబుతాయి, స్కోర్‌లో, అంటే ముఠా చేసే ఒక నేరంలో, ప్రాణం పోతే హీట్ 2 అదనం. కాపలావాడి గొంతు కోసే ముందు ఆటగాడు ఒక్క క్షణం ఆలోచించేది ఇందువల్లే.

గోడనూ దెయ్యాలనూ తీసేస్తే ఈ రెండు పనులకీ కొత్త ఏర్పాటు కావాలి. పారిపోకుండా ఆపడానికి చాలామంది ‘ముఠాకి అప్పుంది’ అని పెడతారు. అది చాలదు. అప్పు ఎగ్గొట్టి ఓడెక్కేద్దామని మూడో సెషన్‌కే ఎవరో ఒకరు అంటారు. భౌతికమైన అడ్డంకే నయం: శత్రు నౌకాదళం ముట్టడించిన ద్వీపం, లేదా ముద్ర వేసిన అనుమతి లేనిదే ఎవరినీ ఓడెక్కనివ్వని రేవు. హత్య విషయంలో కూడా అంతే. ప్రతి పేటలో రాత్రిపూట తలల లెక్క జరుగుతుందని పెట్టండి. ఒక తల తగ్గితే తెల్లారేసరికి ఆ పేట మొత్తం మూసేసి ఇల్లిల్లూ సోదా చేస్తారు. ఇది ఆట నడిపే జీఎం ఇష్టాయిష్టాల మీద నడవకూడదు, గంట మోగినట్టు ప్రతిసారీ జరగాలి. ఒకసారి చూసీచూడనట్టు వదిలేస్తే ఆ తర్వాత ఆ నియమం లేనట్టే.

ఇప్పుడు అట్యూన్, అంటే ప్రేతలోకంతో సంబంధం పెట్టుకునే యాక్షన్ (పాత్ర చేయగల ఒక రకం పని). దెయ్యాలు లేవు కదా అని ఆ యాక్షన్‌ని కొట్టేయకండి. మొత్తం 12 యాక్షన్లు, మూడు గుణాల కింద నాలుగేసి. రిజాల్వ్ (మనోబలం) కింద అట్యూన్, కమాండ్, కన్సార్ట్, స్వే (మాటలతో ఒప్పించడం) ఉంటాయి. గుణం విలువ అంటే దాని కింద కనీసం ఒక చుక్క (నైపుణ్యం గుర్తు, ఎన్ని చుక్కలుంటే అన్ని పాచికలు) ఉన్న యాక్షన్లు ఎన్ని అన్నదే. అట్యూన్ పోతే రిజాల్వ్ ఎవరికీ 3 దాటదు. భయం, మానసిక ఒత్తిడి లాంటివాటిని రెసిస్ట్ చేసేది, అంటే తట్టుకునేది, దాంతోనే కాబట్టి అందరికీ స్ట్రెస్ ఖర్చు పెరుగుతుంది. స్ట్రెస్ దించుకోవడానికి వైస్ (వ్యసనం) తీర్చుకునేటప్పుడు వేసేది కూడా మూడింట్లో అతి తక్కువ గుణమే, అదీ కుంటుపడుతుంది. కాబట్టి ఖాళీ వదలకుండా అక్కడ ఇంకో యాక్షన్ పెట్టాలి.

ఏది పెట్టాలో తేల్చడానికి ఒక ప్రశ్న వేసుకోండి: ఈ నగరాన్ని నడిపే కంటికి కనపడని శక్తి ఏది? డాస్క్‌వోల్‌లో అది ప్రేతలోకం. రేవు నగరంలో నా దృష్టిలో అది కాగితం. సరుకు జాబితాలు, సుంకం రసీదులు, అనుమతి పత్రాలు, ఏ గుమస్తా ఏ బల్ల దగ్గర దేనికి తలూపుతాడో తెలియడం. అట్యూన్ స్థానంలో ‘కాగితం నడపడం’ పెడితే దెయ్యాలతో వ్యవహరించే విస్పర్ పాత్ర దొంగ పత్రాల మనిషిగా మారుతుంది. ఆరు రకాల పథకాల్లో అకల్ట్ (మంత్రశక్తితో) ఉన్నచోట ‘ఆఫీసు దారి’ వస్తుంది, దానికి చెప్పాల్సిన వివరం ఏ పత్రంతో లోపలికి వెళ్తారన్నది. విస్పర్ ప్రత్యేక సామర్థ్యాలను మాత్రం ఒక్కొక్కటిగా తిరగరాయాలి, అక్కడ దగ్గరదారి లేదు. ‘దెయ్యాన్ని పిలిచి ప్రశ్నించడం’ ఉన్నచోట ‘చనిపోయినవాడి దస్త్రం తెప్పించి ప్రశ్నకు జవాబు రాబట్టడం’ అని రాసుకోవచ్చు. ముఠా రకాల్లో గూఢ దేవతను కొలిచే కల్ట్‌ను మొదటి విడతలో పక్కన పెట్టేయండి. మిగతా ఐదూ, అంటే అసాసిన్స్, బ్రావోస్, హాకర్స్, షాడోస్, స్మగ్లర్స్, పెద్దగా మార్పు లేకుండా నడుస్తాయి.

కొత్త యాక్షన్ సరిగ్గా కుదిరిందో లేదో చూడటం తేలిక. ఒకే అడ్డంకిని, ఉదాహరణకు మూసి ఉన్న గోదామును, స్వేతో దాటినప్పుడూ కాగితంతో దాటినప్పుడూ ప్రమాదం వేరుగా ఉందా? స్వే విఫలమైతే కాపలావాడికి అనుమానం వస్తుంది, కాగితం విఫలమైతే పేరు దస్త్రానికి ఎక్కుతుంది. వేరుగా ఉంది కాబట్టి యాక్షన్ పనికొస్తుంది. రెండింటికీ ఒకే ఫలితం వస్తుంటే కొత్త పేరు పెట్టడం వృథా.

ఇక గంటసేపు పథకాలు. ఆటగాళ్లను తప్పుపట్టకండి. వేరే ఆటల్లో తాడు తెచ్చుకోవడం మర్చిపోతే చచ్చేవాళ్లు, అదే అలవాటు. ఈ ఆటలో పథకం అంటే రెండే మాటలు: రకం, దానికి కావాల్సిన ఒక్క వివరం. దాడి అయితే ఎటునుంచి, మోసం అయితే ఏ పద్ధతిలో, దొంగచాటు అయితే ఎక్కడినుంచి లోపలికి, మాటలతో అయితే ఎవరి పరిచయంతో, రవాణా అయితే ఏ దారిలో. ఆ వివరం తెలియకపోతే ఒక్కొక్కరూ ఒక్కసారి సమాచారం సేకరించవచ్చు. వివరం దొరికిన క్షణం మీరు మాట్లాడటం మొదలుపెట్టాలి. ఎవరెంత బరువు మోస్తున్నారో మాత్రమే అడగండి: తేలిక 3, మామూలు 5, భారీ 6. ఏ వస్తువు తెచ్చారో ఇప్పుడు చెప్పక్కర్లేదు, అవసరం వచ్చినప్పుడు గడి నింపుకుంటారు.

తర్వాత ఎంగేజ్‌మెంట్ రోల్, అంటే స్కోర్ ఎలా మొదలవుతుందో తేల్చే పాచికలు. అదృష్టానికి ఒక పాచికతో మొదలుపెట్టండి. పథకం తెగువగా ఉంటే ఒకటి కలపండి, మరీ చిక్కుముడిగా ఉంటే ఒకటి తీయండి. లక్ష్యం బలహీనత మీద పడితే ఒకటి, స్నేహితుల సాయం ఉంటే ఒకటి. శత్రువు అడ్డుపడుతుంటే, లక్ష్యం టైర్ (బలం స్థాయి) మీకన్నా ఎక్కువైతే తగ్గుతాయి. వచ్చినవాటిలో పెద్ద అంకె 6 అయితే మొదటి అడ్డంకి దగ్గర కంట్రోల్డ్ పొజిషన్ (పొజిషన్ అంటే ప్రమాదం ఎంతన్నది), 4-5 అయితే రిస్కీ, 1-3 అయితే డెస్పరేట్. రెండు 6లు పడితే మొదటి అడ్డంకి దాటేసినట్టే. ఈ లెక్క బల్ల మీద బాహాటంగా చేయండి. చిక్కుముడి పథకానికి పాచిక పోతుందని కళ్లారా చూసినప్పుడు వాళ్లే చర్చ తగ్గించేస్తారు. అప్పుడు కూడా ‘మీరు గేటు దగ్గరికి చేరుకున్నారు, ఏం చేస్తారు?’ అని అడగకండి, మళ్లీ సమావేశం మొదలవుతుంది. నేరుగా మధ్యలో దించండి: ‘మీరు పైకప్పు మీదున్నారు, కింద కుక్క మొరగడం ఆగిపోయింది, ఎవడో దీపం పట్టుకుని మెట్లెక్కుతున్నాడు.’

పథకంలో వదిలేసినవాటిని ఫ్లాష్‌బ్యాక్, అంటే ముందే చేసిన ఏర్పాటును ఇప్పుడు చెప్పడం, పూడుస్తుంది. మామూలు పనికి స్ట్రెస్ 0, కాస్త కష్టమైన లేదా అరుదైన అవకాశానికి 1, పెద్ద ఏర్పాటుకు 2 లేదా ఆపైన. అవసరమైతే రోల్ కూడా ఉంటుంది. ఇప్పటికే కళ్ల ముందు జరిగినదాన్ని మాత్రం వెనక్కి తిప్పలేరు. కత్తి దిగాక ‘కాపలావాణ్ని నిన్నే కొనేశాను’ అంటే కుదరదు. కత్తి దూసినప్పుడు అంటే కుదురుతుంది. మొదటి రెండు సెషన్లలో మీరే గుర్తుచేయాలి: ‘ఈ తలుపు గురించి నిన్న ఏమైనా ఏర్పాటు చేశారా?’ ఇలా రెండుసార్లు అడిగితే మూడోసారి వాళ్లే వాడతారు, పథకాల మీద మోజు దానంతటదే తగ్గుతుంది.

రోల్స్ దగ్గర జీఎంలు ఎక్కువగా దెబ్బతినేది 4-5 వచ్చినప్పుడు. లెక్క చూడండి. రెండు పాచికలు వేస్తే 4 లేదా ఆపైన రావడానికి 75 శాతం అవకాశం, అందులో 6 వచ్చేది 30.6 శాతమే. మిగతా 44 శాతానికి పైగా ‘పని జరిగింది, కానీ...’ అన్న ఫలితమే. కొత్త పాత్రకు ఏ యాక్షన్‌లోనూ 2 చుక్కలకు మించి ఉండవు కాబట్టి ఆట మొదట్లో సగానికి దగ్గరగా ఇదే వస్తుంది. ఆ ‘కానీ’ తర్వాత ఏం చెప్పాలో తట్టక ప్రతిసారీ గాయం ఇస్తే రెండు గంటల్లో ముఠా మొత్తం కుంటుతూ ఉంటుంది. గాయం కాక ఇంకా నాలుగు దారులున్నాయి: ఎఫెక్ట్ (పని ఎంతవరకు ఫలిస్తుందన్నది) తగ్గించడం, కొత్త చిక్కు తేవడం, పొజిషన్ దిగజార్చడం, ఆ అవకాశం చేజారిపోయేలా చేయడం. నా సలహా, ప్రతి స్కోర్‌కీ ముందే ఒక 6 గడుల ‘అలారం’ క్లాక్ (గడులుగా విడగొట్టిన వలయం) గీసి పెట్టుకోండి. ఏమీ తోచనప్పుడు దాంట్లో గడులు నింపండి: చిన్న పరిణామానికి 1, మామూలుదానికి 2, పెద్దదానికి 3. ఆటగాళ్లకు అది కనపడేలా ఉంచండి. నిండుతున్న క్లాక్ పుట్టించే కంగారు మీ వర్ణనలు పుట్టించలేవు.

రోల్ వేయకముందే ప్రమాదం ఏమిటో చెప్పేయండి. ‘రిస్కీ, స్టాండర్డ్ ఎఫెక్ట్. తప్పితే దీపంవాడు మిమ్మల్ని చూస్తాడు.’ యాక్షన్ ఏదో ఎంచుకునే హక్కు ఆటగాడిది, పొజిషన్, ఎఫెక్ట్ నిర్ణయించేది మీరు. ఈ హద్దు చెరిగితే వాదనలు మొదలవుతాయి. ప్రమాదమే లేకపోతే రోలే వద్దు. 6 వస్తే సందేహం లేకుండా వాళ్లడిగింది ఇవ్వండి. అక్కడ కూడా ఏదో మెలిక పెట్టే అలవాటు జీఎంలలో చాలా ఉంది, అది ఆటగాళ్ల నమ్మకాన్ని తినేస్తుంది.

రెసిస్టెన్స్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది మర్చిపోయిన బల్లల దగ్గరే ‘ఈ ఆట మరీ కఠినం’ అన్న మాట వినిపిస్తుంది. ఏ చెడు పరిణామాన్నైనా ఆటగాడు రెసిస్ట్ చేయవచ్చు, అది తప్పక పనిచేస్తుంది, అంటే తగ్గుతుంది లేదా పూర్తిగా తప్పుతుంది. రోల్ తేల్చేది ఖర్చునే: 6లోంచి వచ్చిన పెద్ద అంకె తీసేస్తే మిగిలేది స్ట్రెస్. సగటున ఒక పాచికతో 2.5, రెండింటితో సుమారు 1.5, మూడింటితో సుమారు 1. రెండు 6లు వస్తే ఒక స్ట్రెస్ తిరిగి వస్తుంది. స్ట్రెస్ గడులు 9, నిండితే ట్రామా (శాశ్వతమైన మానసిక గాయం), నాలుగో ట్రామాతో ఆ పాత్ర వీధి జీవితం ముగుస్తుంది. ‘9 చాలడం లేదు, 12 చేద్దాం’ అని మార్చేవాళ్లున్నారు. చేయకండి. స్ట్రెస్ ఎక్కువుంటే వైస్ అవసరం తగ్గుతుంది, వైస్ తగ్గితే డౌన్‌టైమ్ (స్కోర్ల మధ్య విరామం) పనులు మిగిలిపోతాయి, అవి హీట్ తగ్గించడానికి పోతాయి, అక్కడితో ముఠా మీద ఒత్తిడే ఉండదు. నిజంగా చాలడం లేదంటే మీరు పరిణామాలు ఎక్కువ ఇస్తున్నారేమో చూసుకోండి.

ఐదుగురున్నప్పుడు వచ్చే ఇబ్బంది కూడా ఇదే రకం. డౌన్‌టైమ్‌లో తలా రెండు పనులు, అంటే మొత్తం 10. హీట్ తగ్గించే రోల్‌లో 1-3 వస్తే 1, 4-5 వస్తే 2, 6 వస్తే 3 తగ్గుతుంది. ఇద్దరు ఒక్కో పని కేటాయిస్తే చాలు, ఒక మామూలు స్కోర్ హీట్ దాదాపు తుడిచిపెట్టుకుపోతుంది. అందుకని హీట్ లెక్క కచ్చితంగా కట్టాలి. మీ టైర్ 0 ముఠా టైర్ 2 వర్తక సంఘం గోదాము దోచిందనుకోండి. మామూలు హడావిడికి 2, లక్ష్యం పలుకుబడి గలది కాబట్టి 1, ఒక కాపలావాడు చనిపోయాడు కాబట్టి 2, మొత్తం 5. పేరు, అంటే రెప్, 2, టైర్ తేడాకి ఇంకో 2, మొత్తం 4 రెప్. మామూలు స్కోర్‌కి 6 కాయిన్లు, ఐదుగురికి తలా ఒకటి, ముఠాకి ఒకటి. కాయిన్లు తక్కువగా అనిపిస్తాయి, అలాగే ఉండనివ్వండి. పెంచి ఇస్తే వాటితో అదనపు డౌన్‌టైమ్ పనులు కొంటారు. ఎవరితోనైనా యుద్ధం నడుస్తుంటే తలా ఒక్క పనే, హీట్ ఇంకో 1 ఎక్కువ. ఐదుగురి బల్లను దారిలో పెట్టే అసలైన పగ్గం అదే. ఒక శత్రువర్గంతో స్థితి -3కి, అంటే యుద్ధానికి, చేరినప్పుడు జాలిపడి వదిలేయకండి.

గ్రూప్ యాక్షన్‌లో ఐదుగురు అంటే బలం అనుకుంటారు. అందరూ వేస్తారు, అందులో మంచిది లెక్క, కానీ 1-3 వచ్చిన ప్రతివాడికీ నాయకుడు ఒక స్ట్రెస్ కడతాడు. తలా ఒక పాచికతో ఐదుగురు ప్రౌల్ (చాటుగా కదలడం) చేస్తే కనీసం ఒక 6 వచ్చే అవకాశం దాదాపు 60 శాతం, నాయకుడికి సగటున 2.5 స్ట్రెస్. చుక్కే లేనివాళ్లు రెండు వేసి తక్కువది తీసుకోవాలి, వాళ్లు విఫలమయ్యేది 75 శాతం. ఐదుగురూ చుక్క లేనివాళ్లే అయితే నాయకుడికి పడేది సగటున 3.75. ఈ లెక్క ముందే చెబితే ఇద్దరు లోపలికి, ముగ్గురు బయట అని వాళ్లే విడిపోతారు. ఆటకి అదే మంచిది. సీన్లు మార్చి మార్చి చూపించడానికి మీకూ వీలుంటుంది.

వాంటెడ్ లెవెల్ (అధికారులు ముఠాను ఎంత గట్టిగా వెతుకుతున్నారన్నది) తగ్గడానికి దారి ఒక్కటే, జైలు. హీట్ 9 గడులు నిండితే లెవెల్ ఒకటి పెరుగుతుంది. ముఠా మనిషో, స్నేహితుడో, తెలిసినవాడో, ఇరికించిన శత్రువో శిక్షపడి లోపలికి వెళ్తేనే ఒకటి తగ్గి హీట్ ఖాళీ అవుతుంది. మీ నగరంలో జైలు, అందులో ఎవరి పెత్తనం నడుస్తుందో, ముందే రాసుకోండి. సొంత నగరం తయారుచేసినవాళ్లు రేవు, సంత, సారా దుకాణం, వేశ్యావాటిక అన్నీ గీసి ఇదొక్కటే మర్చిపోతారు.

వర్గాలను తయారుచేయడంలో పొదుపు పాటించండి. అసలు పుస్తకంలో డజన్ల కొద్దీ ఉన్నాయి, మీకు ఎనిమిది చాలు. ఒక్కోదానికి టైర్, పట్టు, ఒక కోరిక, ఆ కోరికకి ఒక 6 లేదా 8 గడుల క్లాక్. ప్రతి డౌన్‌టైమ్‌లో రెండు మూడు వర్గాలకే ఫార్చ్యూన్ రోల్ (అదృష్టపు పాచికలు) వేసి గడులు నింపండి. ఆరంభానికి పుస్తకంలోని పేర్లు వద్దన్నా దాని అమరిక మాత్రం తీసుకోండి. డాస్క్‌వోల్‌లోని క్రోస్ ఫుట్ పేటలో ల్యాంప్‌బ్లాక్స్, రెడ్ సాషెస్ అనే ముఠాలు కొట్టుకుంటుంటే, పేట మీద పెత్తనం క్రోస్ ముఠాది, వాళ్ల నాయకుడు ఈమధ్యే హత్యకు గురయ్యాడు. ముగ్గురికీ ఒకేసారి మీ ముఠా కావాలి, ముగ్గురినీ ఒకేసారి సంతోషపెట్టలేరు. మీ రేవులో అది హమాలీల సంఘం, సుంకం దొంగలు, రేవు అధికారి అవ్వచ్చు. మొదటి సెషన్‌లో ఆ ముగ్గురిలో ఒకరి గదిలో, డబ్బు సంచి బల్ల మీద ఉండగా మొదలుపెట్టండి.

బల్ల దగ్గర అందరూ నేరస్తులే కాబట్టి, ఏవి చూపించకూడదో సెషన్ జీరోలోనే, అంటే ఆట మొదలయ్యే ముందు కూర్చునే సమావేశంలోనే, తేల్చుకోవాలి. చిత్రహింసలు, పిల్లల మీద హింస, లైంగిక హింస వద్దే వద్దా, తెర వెనక జరిగినట్టు దాటేయాలా, పేరుపేరునా అడగండి. ముఠాలో ఒకరు ఇంకొకరిని మోసం చేయవచ్చా అన్నది కూడా అప్పుడే. ఈ ఆట నియమాలు ముఠా ఒకటిగా ఉండటం మీద కట్టినవి కాబట్టి వద్దనే నా మాట.

మార్పులన్నీ మొదటి రోజే పెట్టకండి. గోడ, హత్య, అట్యూన్, ఈ మూడింటికి ప్రత్యామ్నాయాలు రాసుకుని మిగతాది ఉన్నదున్నట్టు నాలుగు సెషన్లు ఆడండి. ప్రత్యేక సామర్థ్యాలను ముందే వంద రాసి పెట్టుకోకుండా, ఎవరైనా తీసుకోబోతున్నప్పుడు ఒక్కొక్కటి సరిచేయండి. రేపు మీ రేవు నగరాన్ని నలుగురికీ పంచాలనిపిస్తే అడ్డేమీ లేదు. ఆట మూల నియమాల పాఠం క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 3.0 లైసెన్స్ కింద అందుబాటులో ఉంది, మూలకర్త పేరు చెబుతూ వాడుకోవచ్చు, ‘ఫోర్జ్‌డ్ ఇన్ ద డార్క్’ పేరుతో వచ్చే ఆటలన్నీ ఆ దారిలోనివే. డాస్క్‌వోల్ వర్ణనలు, పుస్తకంలోని బొమ్మలు మాత్రం మీ ఫైల్‌లోకి ఎక్కించకండి.